తలుపు బయటి ఎర్ర బకెట్టు

లియాండర్ థీలెన్ మాటల మనిషి కాదు. ఆ మాటకొస్తే సాక్ నది చెరువుల చుట్టూ ఎప్పుడో వలస వచ్చి స్థిరపడ్డ జర్మన్ రైతు కుటుంబాల్లో మాటకారి మగవాడు కనిపించడమే అరుదు. "చలిగా ఉంది" అని ఒకడంటాడు, "ఊఁ, ఉంది" అని రెండోవాడంటాడు. దాంతో ఇద్దరి కబుర్లూ అయిపోతాయి. "ఓసారి మా ఇంటికి రా" అని నోరు తెరిచి పిలవడం వాళ్ళకు పన్ను పీకించుకోవడంతో సమానం. పోనీ పిలవకుండా వెళ్తారా అంటే, అది అంతకన్నా పెద్ద తప్పు. ఇలాంటి జనం అంత పొడుగు చలికాలాన్ని పిచ్చెక్కకుండా ఎలా గడుపుతారో దేవుడికీ, వాళ్ళ ఆడవాళ్ళకీ తెలియాలి.

లియాండర్ బతుకంతా పాల లారీ నడిపాడు. తెల్లారకముందే పశువుల పాక ముందు లారీ ఆపడం, పాలు ఎక్కించుకోవడం, రైతుకు చెయ్యి ఊపడం, మళ్ళీ ముందుకు పోవడం. నోరు విప్పే పని లేదు కాబట్టి ఆ ఉద్యోగం అతనికి బాగా నప్పింది. పెళ్ళాడిన వెరీనా మాత్రం గలగలా మాట్లాడేది. పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడవి, చేపలన్నీ అతనివి.

క్రిస్మస్ దాటేసరికి నది వెంట గొలుసులా ఉన్న చెరువులన్నీ గడ్డకట్టేవి. ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి నీరు పోయే ఇరుకుల్లో మాత్రం ప్రవాహం ఆగదు, అక్కడ ఐసును నమ్మడానికి లేదు. అందుకని అందరూ లాడం ఆకారంలో ఉన్న పెద్ద చెరువు మీదే చేరేవారు. చెక్క గుడిసెలు లాక్కొచ్చి ఐసు మీద నిలిపి, లోపల చిన్న పొయ్యి రాజేసుకుని, బరమాతో కింద కన్నం తొలిచి, గాలాలు వేసుకుని కూర్చునేవారు. తక్కినవాళ్ళకు తెల్లటి కండ ఉన్న ఖరీదైన చేపలే కావాలి, మీసాలున్న జెల్ల కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. లియాండర్‌కు జెల్లే ఇష్టం. చలికాలంలో జెల్లలు ఎటూ తిరగవు. చెరువులో అన్నిటికన్నా లోతైన గుంట చూసుకుని, వందల కొద్దీ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి. ఎర ముక్కు దగ్గరికి వస్తే తప్ప నోరు తెరవవు. తెరిచినా బెండు ఇంత కదిలీ కదలనట్టు కదులుతుంది. అందుకే లియాండర్ తలుపుకు వీపు పెట్టి, బెండు మీంచి చూపు తిప్పకుండా కూర్చునేవాడు.

వెరీనా పదింటికల్లా ఎర్ర బకెట్టు పట్టుకుని ఐసు మీద నడిచి వచ్చేది. అందులో పంచదార అద్దిన డోనట్లు, రై రొట్టె, సాసేజీ, ఫ్లాస్కు నిండా కాఫీ, అడుగున చిన్న బ్రాందీ సీసా. అవన్నీ బల్ల మీద సర్ది, ఖాళీ బకెట్టును తలుపు బయట బోర్లించేది.

"అది లోపల పెట్టరాదూ? గాలికి కొట్టుకుపోతుంది," అని లియాండర్ ఏటా గొణిగేవాడు.

"లోపల కాళ్ళకడ్డం. నువ్వు నీ బెండు చూసుకో," అనేది వెరీనా.

కాసేపటికి బయట మంచులో బూట్ల చప్పుడు, తలుపు మీద చిన్న దెబ్బ. లియాండర్ బిగుసుకుపోయేవాడు. వెరీనాయే కేకేసేది: "తోసుకుని వచ్చెయ్, వచ్చెయ్! తలుపు మూసెయ్, వేడి పోతోంది!" వచ్చినవాళ్ళు ఆ బకెట్టు చేత్తో పట్టుకొచ్చి దాని మీదే కూర్చునేవారు. కాఫీలో రెండు చుక్కలు బ్రాందీ వేయించుకుని, వానలో మొక్కజొన్న పోయిన సంగతీ, చర్చి పాదిరి కొత్త కారు సంగతీ మాట్లాడేవారు. లియాండర్ అటు తిరక్కుండానే వింటూ, మధ్యమధ్య "ఊఁ" అనేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ "ఒక్క పూట ప్రశాంతంగా కూర్చోనివ్వరు కదా," అని విసుక్కునేవాడు. వెరీనా నవ్వి ఊరుకునేది.

ఒక ఏడాది ఆగస్టులో వెరీనా పోయింది. క్యాన్సరు.

చలికాలం వచ్చాక లియాండర్ గుడిసెను ఎప్పటి చోటనే నిలిపాడు. ఇంటి నుంచి ఎర్ర బకెట్టు కూడా తెచ్చాడు, లోపల పెట్టేది ఏమీ లేకపోయినా. కన్నం పక్కన, వెరీనా కూర్చునే చోట, పొయ్యి వేడి తగిలేలా దాన్ని పెట్టాడు. ఇన్నేళ్ళూ చలిలో బయట పడి ఉంది పాపం, ఇక ఉండక్కర్లేదు అనుకున్నాడు. రోజూ సాయంత్రం దాన్ని మంచు మీద జారే స్లెడ్జి మీద ఇంటికి తీసుకెళ్ళేవాడు, పొద్దున్నే తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. తన ప్రేమ చూపించడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే.

ఎవరూ రాలేదు.

మొదటి వారం అతను పట్టించుకోలేదు. తర్వాత వారం చెవులు రిక్కించడం మొదలుపెట్టాడు. గుడిసె పక్కగా ఐసు మీదే ఏదో ట్రక్కు వచ్చేది, నెమ్మదించేది, మళ్ళీ వేగం పుంజుకుని పోయేది. రెండుసార్లు బూట్ల చప్పుడు తలుపు దాకా వచ్చింది. చప్పుడు కాసేపు ఆగి, వచ్చిన దారినే పోయింది. కూతవేటు దూరంలో సిల్వెస్టర్ బోల్ గుడిసె పొగ కనిపిస్తూనే ఉంది. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద చదువుకున్నవాళ్ళు. ఆ సిల్వెస్టర్ కూడా రాలేదు.

అప్పుడు లియాండర్‌కు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. వాళ్ళంతా వెరీనా కోసం వచ్చేవారు. డోనట్ల కోసం, ఆవిడ కబుర్ల కోసం. మూలన బెండు చూస్తూ కూర్చున్న మొద్దు కోసం ఎవరు వస్తారు? ఇందులో వాళ్ళ తప్పేమీ లేదని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. కానీ గుండెలో మాత్రం చాలా నొప్పిగా ఉండేది. ఇంట్లో ఒంటరితనాన్ని ఎలాగో భరించేవాడు. ఐసు మీద నలుగురి మధ్యా ఉండి ఒంటరి కావడం అతనివల్ల కాలేదు.

ఫిబ్రవరి మధ్యలో, రేవు దగ్గర ఎరల కొట్టు నడిపే మార్లీస్‌తో చెప్పాడు, "నా గుడిసె నువ్వు తీసేసుకో. పట్నం వాళ్ళకు అద్దెకిచ్చుకో."

మార్లీస్ చిన్న చేపలు తోడుతున్నదల్లా ఆగిపోయింది. "అదేంటి లియాండర్‌గారూ? మరి మీరు?"

"నాకింక చాల్లే అమ్మా."

"వచ్చే ఏడాది మనసు మారితే?"

"మారదు."

"సరే, శనివారం ట్రాక్టరు తెస్తాను. ఈలోగా వద్దనుకుంటే చెప్పండి, నేనేమీ అనుకోను."

అతను తలూపి వచ్చేశాడు. గుడిసె పోతే తను మళ్ళీ ఐసు మీదికి రాడని అతనికి తెలుసు. రాకపోతే మార్చి దాకా ఆ ఇంట్లో, ఆ వంటింట్లో, గోడలు చూస్తూ కూర్చోవాలనీ తెలుసు.

శుక్రవారం ఆఖరి రోజు. పొద్దున్నుంచీ ఒక్క చేపా పడలేదు. మధ్యాహ్నం దాటాక బెండు ఇంత ఊగింది. లియాండర్ మణికట్టు తిప్పాడు. అవతల చెరువడుగు రాయి కదిలినట్టు బరువు. లాగాడు, వదిలాడు, మళ్ళీ లాగాడు. చాలాసేపటికి కన్నంలో వెడల్పాటి తల, నాలుగు వైపులా మీసాలు కనిపించాయి. తల మాత్రమే వచ్చింది. మొప్పల దగ్గర రెక్క ముళ్ళు ఐసు అంచుకు పట్టేశాయి. కన్నం చాలడం లేదు.

ఇలాంటప్పుడు వెరీనా దారం పట్టుకునేది, అతను గునపంతో అంచు కొట్టి కన్నం పెద్దది చేసేవాడు. ఇప్పుడు ఆ దారం ఎవరు పట్టుకోవాలి? లియాండర్ దారాన్ని పళ్ళ మధ్య బిగించాడు. రెండు చేతులా గునపం ఎత్తాడు. ఎత్తగానే మోచెయ్యి ఎర్ర బకెట్టుకు తగిలింది. మరో దెబ్బ వేస్తే అది పగిలేలా ఉంది. కాలితో తలుపు తోసి, మడమతో బకెట్టును బయటికి నెట్టాడు. అది మంచులో దొర్లి బోర్లా పడింది. గాలికి తలుపు దానంతటదే మూసుకుంది.

అతను ఐసును కొడుతూనే ఉన్నాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. అంతలో బయట బూట్ల చప్పుడు. తలుపు మీద చిన్న దెబ్బ.

లియాండర్ నోట్లో దారం ఉంది.

"లియాండర్! రావచ్చా?"

"ఊఁ! ఊఁఊఁ!"

తలుపు తెరుచుకుంది. సిల్వెస్టర్ బోల్ చేతిలో ఎర్ర బకెట్టుతో నిలబడ్డాడు. "నోట్లో ఏంట్రా అది? ఓరి నాయనో! చేపా, పంది పిల్లా? ఇటివ్వు, దారం ఇటివ్వు. పళ్ళూడి చేపకు ఎరయిపోతాయి!"

దారం చేతులు మారింది. లియాండర్ నాలుగు దెబ్బలు కొట్టాడు.

"మెల్లిగా లాగరా, అదేం పాల లారీ కాదు!" అని అరిచాడు లియాండర్. అతని గొంతు అంత గట్టిగా వినిపించి నెలలైంది.

చేప నేల మీదికి వచ్చి పడింది. పొడుగ్గా, నల్లగా, ముసలిది. నోరు తెరిచి మూస్తోంది. ఇద్దరూ రొప్పుతూ దాన్ని చూశారు. లియాండర్ గాలం విప్పి, దాన్ని రెండు చేతులతో కన్నంలోకి జార్చేశాడు.

"అదేంట్రా! వదిలేశావేం? పొగకు ఎండబెట్టుకుంటే వారం రోజులు తినేవాడివి."

"పోనీలే. కింద దానివాళ్ళంతా ఉన్నారు."

సిల్వెస్టర్ బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. కోటు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. "మా ఆవిడ చేసింది, గసగసాల రొట్టె. రోజూ జేబులో పెట్టి పంపిస్తుంది, రోజూ నేనే తింటున్నా. ఇన్నాళ్ళకి బయట పెట్టావు."

"ఏది?"

"ఇదేరా, బకెట్టు."

"కాళ్ళకడ్డమని తన్నాను. దానికేమైంది?"

సిల్వెస్టర్ అతని వంక వింతగా చూశాడు. "నీకు తెలీదా? నిజంగా తెలీదా?"

"ఏం తెలియాలిరా?"

"బకెట్టు బయట బోర్లించి ఉంటే కాఫీ సిద్ధం, వచ్చెయ్యొచ్చు అని. లేకపోతే రావద్దని. ఈ చెరువు మీద అందరికీ తెలుసు. మీ పెళ్ళయిన ఏడాదే వెరీనా గుడిసె గుడిసెకీ తిరిగి చెప్పింది. 'మా ఆయన ఎవర్నీ పిలవడు. పిలవకపోతే మీరు రారు. రాకపోతే ఆయన అక్కడే రాయైపోతాడు. నేను బకెట్టు పెడతా, మీరు రండి. ఆయనకి మాత్రం చెప్పొద్దు, సిగ్గుపడతాడు' అంది. నీకు చికాకుగా ఉన్న రోజు పెట్టేది కాదు. మేం వచ్చేవాళ్ళం కాదు."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. లియాండర్ గునపాన్ని గోడకు ఆనించి, చేతుల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పోయిన చలికాలం కూడా పెట్టింది," అన్నాడు సిల్వెస్టర్. "నిలబడలేకపోయేది. బకెట్టు ఊతగా పట్టుకుని వచ్చేది. నువ్వు చూడలేదు, నీ వీపు ఇటే ఉంటుంది కదా."

"నేను దాన్ని తిట్టేవాణ్ణి. గాలికి పోతుందని."

"తెలుసు. చెప్పి నవ్వేది."

లియాండర్ కన్నంలోకి చూశాడు. నల్లటి నీళ్ళ మీద అప్పుడే పల్చటి పొర కడుతోంది. అటే చూస్తూ అన్నాడు, "బకెట్టు లేకపోతే మాత్రం? రాకూడదా?"

"వద్దంటున్నావనుకున్నాం రా. పెళ్ళాం పోయినవాడు, ఒంటరిగా ఉంటానంటున్నాడు, ఎలా దూరిపోతాం? రెండుసార్లు తలుపు దాకా వచ్చాను. బకెట్టు లేదు. వెనక్కి పోయాను."

"విన్నాను."

"విని పిలవలేదే?"

"నువ్వు తట్టలేదే?"

సిల్వెస్టర్ రొట్టె రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క లియాండర్‌కు ఇచ్చాడు. లియాండర్ దాన్ని తింటూ ఏడ్చాడు. శబ్దం లేకుండా, మొహం దాచుకోకుండా ఏడ్చాడు. సిల్వెస్టర్ చూడనట్టు బెండు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పక్క మనుషులు ఇంతకన్నా ఓదార్చలేరు.

శనివారం పొద్దున్నే లియాండర్ తనే కాఫీ కాచుకుని వచ్చాడు. అన్నిటికన్నా ముందు బకెట్టును తలుపు బయట బోర్లించి, గాలికి పోకుండా చుట్టూ కాస్త మంచు కూరాడు. ట్రాక్టరు చప్పుడు వచ్చింది, ఆగింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత తలుపు మీద చిన్న దెబ్బ.

లియాండర్ వెరీనా కూర్చునే వైపు చూశాడు. అక్కడ ఖాళీ చోటుంది. పిలవాల్సింది ఇక అతనే.

"తోసుకుని వచ్చెయ్," అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "వచ్చెయ్! తలుపు మూసెయ్, వేడి పోతోంది!"

మార్లీస్ బకెట్టు పట్టుకుని లోపలికి వచ్చింది. దాని మీద కూర్చుని కాఫీ తాగి, మొహం వికారంగా పెట్టింది. "లియాండర్‌గారూ, ఇది కాఫీయా, ఇంజనాయిలా?"

"వెరీనా చేసేది బాగుండేది."

"బాగుండేది," అంది మార్లీస్. గుడిసె సంగతి ఆవిడ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు బకెట్టును తనే బయట బోర్లించి, ఉత్త ట్రాక్టరు తోలుకుని పోయింది.

మార్చి మొదట్లో అందరితో పాటు లియాండర్ కూడా గుడిసెను ఒడ్డుకు లాగి తన పెరట్లో పెట్టుకున్నాడు. ఇరుకుల దగ్గర ఐసు విరిగింది, తర్వాత చెరువులన్నీ విచ్చుకున్నాయి. ఇళ్ళ దగ్గర ఇలాంటి ఆనవాయితీ ఏదీ లేదు, అది చెరువు మీది ఆచారం. అయినా ఒక ఉదయం అతను ఎర్ర బకెట్టును కడిగి, వంటింటి మెట్ల మీద, రోడ్డుకు కనిపించేలా బోర్లించాడు. ఆ రోజు ఎవరూ రాలేదు. మర్నాడు వాన పడింది. ఆ మర్నాడు లియాండర్ కాఫీ కాచి, రెండు కప్పులు బల్ల మీద పెట్టి, తలుపుకు ఎదురుగా కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు.