ముప్పై కాయలు, మూడు కుప్పలు

మే రెండో వారంలో ఒకనాడు, ఉదయం ఆరుంపావుకు విజయవాడ బస్టాండులో నూజివీడు బస్సెక్కాను. పాతికేళ్లు విత్తన పరీక్షాశాలలో పనిచేసి విరమించినవాణ్ణి. మామిడిపండు కోసం ప్రయాణం కట్టే అలవాటు నాకు లేదు. మా పేటలోని ఒక కళాశాలవారు, జీవితంలో మన తపన ఏమిటో కనుక్కోవడం ఎలా అనే అంశం మీద విద్యార్థులతో మాట్లాడమన్నారు. తపన అనేది వెతికితే దొరికే వస్తువని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు కనుక ఒప్పుకోలేదు. ఉద్యానశాఖలో పనిచేసిన మిత్రుడొకడు ఆ సంగతి విని, "చాట్రాయి దగ్గర సువార్తమ్మని ఒకావిడ ఉంది. బొటనవేలితో తాకి కాయ పక్వానికొచ్చిందో లేదో చెబుతుంది. ఎప్పుడూ తప్పదు. ఆవిణ్ణి చూసొచ్చాక మాట్లాడు" అన్నాడు. "ఎప్పుడూ" అన్న మాట వినబడితే పరీక్షించకుండా ఉండలేను.

రైలులో వెళ్లదలచినవారు ఒకటి గమనించాలి. నూజివీడు పేరుగల స్టేషను హనుమాన్ జంక్షన్ పక్కన ఉంది. అక్కడ దిగితే ఊరికి మళ్లీ బస్సు పట్టాలి. నేరుగా బస్సే మేలు.

ఆగిరిపల్లి దాటాక రోడ్డుకు రెండు వైపులా తోటలు దగ్గరపడ్డాయి. కొమ్మలు కాయల బరువుకు నేలకు వంగి, చెట్ల కింద నీడ గుండ్రంగా, ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. పక్క సీటులోని రైతు నా పని విని నవ్వాడు.

"వేలితో చెప్పటం ఏముందండీ, మా ఇళ్లల్లో అందరం చెబుతాం. పదిట్లో ఏడు కరెక్టే. ఆ మూడే మమ్మల్ని ముంచుతాయి."

ఎనిమిదికి పది నిమిషాల ముందు నూజివీడులో దిగాను. బస్టాండు ఎదుటి హోటల్లో రెండు పెసరట్లు తిని, ఎనిమిదిన్నరకు చాట్రాయి బస్సు అందుకున్నాను. అక్కడి నుంచి ఆటో. పదింటికి కాయలు ఏరి కట్టే పాక ముందు నిలబడ్డాను. తాటాకు కప్పు, కింద వరిగడ్డి, గడ్డి మీద బంగినపల్లి కాయల గుట్ట. పదిమంది ఆడవాళ్లు గుట్ట చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. చెట్టు నుంచి తొడిమె తెగిన చోట కారే సొన పడి వాళ్ల చేతులు నల్లబడ్డాయి.

తోట యజమాని రావుగారు కుర్చీ వేయించారు. నేనెందుకు వచ్చానో చెప్పగానే ఆయన ముఖంలో ఉత్సాహానికి బదులు చిరాకు కనబడింది.

"మంచి రోజే వచ్చారండీ! పొద్దుట్నించి ఇదే గొడవ. మా పాత మేస్త్రి సొంతంగా తోట కౌలుకు తీసుకుని వెళ్లిపోయాడు. ఈవిడేమో నన్ను పెట్టండంటది. మైలవరం నించి ఒకతను రేపొస్తానన్నాడు. ఈ చుట్టుపక్కల ఏ పాకలోనైనా ఆడమేస్త్రిని చూశారా మీరు?"

నేను చూడలేదు. ఏరేది ఆడవాళ్లు, ఏది లారీ ఎక్కాలో తేల్చేది మగ మేస్త్రి. ఇక్కడి రివాజు అది.

సువార్తమ్మకు నలభై ఐదేళ్లుంటాయి. గుట్ట దగ్గర నుంచి లేవకుండానే మాట్లాడింది. "పదిహేనేళ్లు ఏరానండి. ఇవాళ కాదంటే మళ్లీ అడగను. రావుగారికి ఆ బెంగ అక్కర్లేదు."

ఈ పని మీద మొదటి నుంచీ ఇష్టమేనా అని అడిగాను. పక్కనున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"ఇష్టమా! సొన పడి చేతులు పొక్కితే ఏడ్చేదాన్నండి. మేస్త్రి, నేనేరిన కాయ తీసి అవతల పారేసేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు. నాకు పంతం వచ్చింది. పారేసినవి ఇంటికి పట్టుకెళ్లి మంచం కింద గడ్డిలో పెట్టేదాన్ని. నాకు మంచిగా అనిపించినవి ఒక వైపు, అనిపించనివి ఒక వైపు. సుద్దముక్కతో గుర్తెట్టి రోజూ చూసేదాన్ని, ఏది పండుద్ది, ఏది ముడతలు పడుద్దీ అని. మా ఆయన, కాయలకి జోలపాట కూడా పాడవే అనేవాడు. మూడేళ్లకి చేతికి తెలిసింది. చేతికి తెలిసినాకే ఇష్టం వచ్చిందండి. ఇప్పుడు చర్చిలో కళ్లు మూసుకున్నా బొటనవేలు ఊరుకోదు."

"పాస్టరు గారు చూశారు కూడా!" అంది వెనక నుంచి ఒకామె.

పరీక్షాశాలలో మేము చేసిన పని ఆమె మంచం కింద చేసిందని గ్రహించి కుర్చీలోంచి లేచాను. రావుగారిని అడిగి ఒక చిన్న పరీక్ష ఏర్పాటు చేశాను. పక్వానికి వచ్చిన కాయ నీటిలో మునుగుతుంది, రానిది తేలుతుంది. లోపలి గుజ్జు చిక్కబడి బరువెక్కడమే దీనికి కారణం. ఏరని గుట్ట నుంచి నేనే ముప్పై కాయలు తీసి, పెన్నుతో అంకెలు వేశాను. రంగు, నిగారింపు చూసే వీలు లేకుండా ఆమె కళ్లకు తువ్వాలు కట్టమన్నాను. కాయలు కడిగే నీలిరంగు తొట్టిలో నీళ్లు నింపించాను.

ఆమె ఒక్కొక్క కాయను అరచేతిలో తూచి, తొడిమె పక్కనున్న భుజాన్ని బొటనవేలితో తడిమి పక్కన పెట్టసాగింది. కొద్దిసేపటికి రెండు కుప్పలు కావలసిన చోట మూడు కనబడ్డాయి. మూడోది ఏమిటని రావుగారు అడిగారు.

"చెప్పలేనివండి."

"చూశారా! మేస్త్రి అన్నాక చెప్పలేనంటే ఎట్టా? లారీ ఆగుద్దా?"

"లారీ ఆగదండి. ఆ కాయలే ఆగుతాయి. ఒక్క రోజు గడ్డిలో పెట్టి రేపు మళ్లీ చూస్తా. పోయినేడు మేస్త్రి అనుమానం ఉన్నయ్యి కూడా లోడులో తోసేశాడు. సగం దారిలో ముడుచుకుపోయినయ్యని ఫోనొచ్చింది గదండీ."

నాకు మాత్రం ఆ మూడో కుప్ప చూసి లోపల ఎంతో సంతోషం కలిగింది. తెలియనిదాన్ని తెలియదని వేరుగా పెట్టమని కొత్తగా చేరినవారికి ఏళ్ల తరబడి నేర్పాను. నేర్చుకున్నవారు తక్కువ.

లెక్క చూస్తే పక్వమైనవని చెప్పినవి పదిహేడు, కానివి తొమ్మిది, చెప్పలేనివి నాలుగు. ముందుగా కానివి నీటిలో వేశాను. తొమ్మిదీ తేలాయి. తరవాత పదిహేడు. పదహారు అడుగుకు పోయాయి, ఒకటి తేలింది. ఇక ఆ నాలుగు: ఒకటి మునిగింది, ఒకటి తేలింది, మిగిలిన రెండూ నీటి పైపొరకు వీపు ఆనించి అటూ ఇటూ కాకుండా నిలిచిపోయాయి. తొట్టి చుట్టూ మూగిన ఆడవాళ్లు ఒక్కసారిగా కేక పెట్టారు.

సువార్తమ్మ తువ్వాలు లాగేసి, "తప్పింది ఏదండీ?" అంది. మునిగినవాటి వంక చూడనేలేదు. తేలిన పదకొండో అంకె కాయను తీసుకుని, కత్తితో టెంక దాకా కోసింది. టెంక చుట్టూ గుజ్జు ఇంకా తెల్లగా ఉంది. వాసన చూసి, కోయని వైపు భుజాన్ని మళ్లీ మళ్లీ తడిమింది. "భుజం లేచింది, లోపల నిండలేదు. ఇట్టాంటి కాయ ఇప్పటిదాకా తగల్లేదు" అని తనలో తాను అనుకుంటూ, ఆ ముక్కను పక్కామె చేతిలో పెట్టి, "నువ్వూ తడుము" అంది. మిగతావాళ్లంతా ఒకరి తరవాత ఒకరు తడిమారు.

ఇంతవరకు తపన గురించి నేను విన్న ఉపన్యాసాలలో ఎవరూ ఇది చెప్పలేదు. మేస్త్రి పని దక్కుతుందో లేదో తేలే క్షణంలో, ఆమె ధ్యాసంతా తాను పొరబడిన కాయ మీదే ఉంది.

రావుగారు పాక బయటికి వెళ్లి ఫోను చేశారు. ఆయన గొంతు మాకు వినబడుతూనే ఉంది. "రేపు రావద్దులే బాబూ. మాకు మేస్త్రి దొరికింది."

సువార్తమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "ముందు ఆ చెప్పలేనివాటికి ఇంకో గంప తెప్పించండి" అంది. రావుగారింట్లో మామిడికాయ పప్పుతో భోజనం చేసి, మూడున్నరకు బయలుదేరాను. చాట్రాయిలో బస చూసుకోవడం కష్టం. ఉదయం వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లడమే సుఖం.

నాలుగుంపావు బస్సులో ఏరే ఆడవాళ్లు కొందరు ఎక్కారు. వారితో సువార్తమ్మ కూడా. కండక్టరు ఆడవాళ్లకు ఉచిత టిక్కెట్లు ఇస్తుంటే వెనక సీటు నుంచి ఒకామె అరిచింది. "ఆవిడికి ఫ్రీ ఇవ్వొద్దు తమ్ముడూ! ఇవాళ్టి నించి మేస్త్రి. మగాళ్ల టిక్కెట్టు కొట్టు!"

"మూసుకోవే! రేపు ఆరింటికల్లా రాకపోతే చెబుతా నీ పని" అంది సువార్తమ్మ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ముప్పై కాయల పరీక్ష ఏదీ రుజువు చేయదు. మిత్రుడు చెప్పిన "ఎప్పుడూ తప్పదు" అన్న మాట కూడా నిలవలేదు. అయినా ఆ కళాశాలకు వెళ్లి మాట్లాడదామని నిర్ణయించుకున్నాను. ఆమె దిగవలసిన ఊరు ముందుగా వచ్చింది. కిటికీలోంచి చూస్తే, చీర కొంగులో మూటకట్టిన కాయలను ఒక చేత్తో పట్టుకుని, ఎవరికోసమూ ఆగకుండా ఇంటివైపు చకచకా నడుస్తోంది. ఆ కాయలు పండినవి కావు. అవి, మధ్యాహ్నం నేను చూస్తుండగా ఆమె గుట్టలోంచి వెతికి తీసుకున్నవి, ఆ పదకొండో కాయలా భుజం లేచి, లోపల అనుమానంగా ఉన్నవి.