జెండాలో పూలు

అండాలమ్మ నోరు మంచిది కాదనేవారు బడిలో. నిజమే మరి. చంపాపేట్‌లోని ఆ ప్రైవేటు బడిలో ఆయాగా చేసిన పదకొండేళ్లలో ఆమె నోటికి జడవని మనిషి లేడు. అయితే ఏం లాభం? మాట అవసరమైన రెండుసార్లూ ఆ నోరే ఆమెను ముంచింది.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక ఎల్బీ నగర్‌లో ఒంటిగది కిరాయికి తీసుకుంది. గదికి పోతే పలకరించే దిక్కు లేదు. ఉన్న ఒక్క స్నేహం శేషారత్నం టీచరు. ఆమెది తెనాలి వైపు, బడిలో తెలుగు చెప్పేది. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే గోంగూర పచ్చడి ఇటొచ్చేది, జొన్నరొట్టె అటు పోయేది.

ఏటా జనవరి ఇరవయ్యారుకీ పంద్రాగస్టుకీ జెండా కట్టే పని వాళ్లిద్దరిదే. రత్నం తన బాల్కనీ కుండీల్లోని బంతి, గులాబీ రేకులు బుట్టలో తెచ్చేది. అండాలమ్మ జెండా మడతలో ఆ రేకులు పోసి పట్టుకుంటే, రత్నం జారుముడి వేసేది. "గట్టిగా బిగిస్తే ఊడదు, వదులైతే నిలవదు. చేతికి తెలియాలి అండాలూ" అనేది. ఆ ముడి నేర్చుకోవాలని అండాలమ్మకు ఎన్నడూ తోచలేదు. టీచరమ్మ ఉండగా తనకెందుకు?

2011 జూలై. ఊరంతా తెలంగాణ మాటే. స్టాఫ్ రూములో కొత్త సారొకాయన రత్నం మొహం మీదే, "రాష్ట్రం ఒస్తది మేడం, మీరు జర సామాను సదురుకోండ్రి" అన్నాడు. అందరూ తలలు దించుకున్నారు. టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ అండాలమ్మ వైపు చూసింది రత్నం. అండాలమ్మకు తెలంగాణ రావాలనే ఉంది, ర్యాలీలకూ పోయింది. టీచరమ్మ మాత్రం పోవద్దు. ఆ ముక్క అనడానికి అంత పెద్ద నోరూ పెగల్లేదు. మర్నాటి నుంచి రత్నం బడికి రాలేదు.

పంద్రాగస్టు సాయంత్రంలోగా వస్తారో రారో తేల్చమని పెద్దసారు ఆమెకు కబురు పెట్టాడు. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాడట.

ఆ పంద్రాగస్టున అండాలమ్మ ఒక్కతే జెండా కట్టింది. పూల సంగతే గుర్తు రాలేదు. ముడేమో మొండికేసి కూర్చుంది. పెద్దసారు తాడు లాగాడు, మళ్లీ లాగాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. చివరికి వ్యాను డ్రైవరు సైదులు జెండా కిందికి దించి మళ్లీ కడితే ఎగిరింది. ఒక్క రేకు రాలలేదు.

"ఆమె లేకుంటే గిట్లనే ఉంటది. నువ్వే పోయి తోలుకరా" అన్నాడు పెద్దసారు.

పిల్లలకు పంచిన బూందీలో ఒక పొట్లం పట్టుకుని అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో దిగింది. 'నువ్వు లేకుంటే జెండా గూడ విచ్చుకోలేదమ్మా' అని దారంతా అనుకుంటూనే ఉంది. ఈ మాట వింటే రత్నం రాకుండా ఉండదు.

తలుపు తీసిన రత్నం మొహం విప్పారింది. "రా అండాలూ. ఎలా జరిగిందే పండగ?"

అండాలమ్మ నోరు తెరిచేలోపే, హాల్లో కూర్చున్న భర్త పట్టాభి పేపరు దించి నవ్వాడు. "ఏం జరిగుంటుందిలే! మనవాళ్లు లేకపోతే వీళ్లకి జెండా కట్టడం కూడా చేతకాదు."

అండాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎందుకు శాతగాదు సారూ? నేనే కట్టిన. ఒక్క గుంజుకే విచ్చుకున్నది. పూలు వానలెక్క పడ్డయి. పిల్లగాండ్లు చప్పట్లే చప్పట్లు!"

పట్టాభి పేపరు మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రత్నం మాత్రం కదల్లేదు.

"ముడి నువ్వే వేశావా?"

"గదెంత పని టీచరమ్మా!"

"మంచిది. నేను లేకపోయినా లోటేం లేదన్నమాట" అంది రత్నం మెల్లగా. "నేనిక రానని సారుగారితో చెప్పు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? అదంతా అబద్ధమని చెప్పేద్దామంటే పేపరు వెనక ఆ నవ్వుందాయె. పొట్లం బల్ల మీద పెట్టి అండాలమ్మ బయటికి నడిచింది.

గుమ్మం పక్కన చెప్పులు వేసుకుంటుంటే పూలబుట్ట కనబడింది. దాని మీద కప్పిన తడిగుడ్డ ఎండిపోయింది. అంచున బంతి రేకులు వడలిపోయి ఉన్నాయి.

"పొద్దున్నే కోశాను. నువ్వొచ్చి పిలుస్తావనుకున్నా" అంది రత్నం వెనక నుంచి. "పిలిస్తే వచ్చేదాన్నే."

అండాలమ్మ తిరిగి చూసేసరికి తలుపు వేసుంది. కాసేపు అక్కడే నిలబడింది. తట్టలేదు. దసరా లోపే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి తెనాలి వెళ్లిపోయారు.

అండాలమ్మ పట్టుబట్టి ఆ ముడి నేర్చుకుంది. తెలంగాణ వచ్చిన ఏడాది పంద్రాగస్టున నిజంగానే ఒక్క గుంజుకే జెండా విచ్చుకుంది, పూలు వానలాగే పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె బూందీ పొట్లం పట్టుకుని ఎల్బీ నగర్‌లో గదికి పోయి తాళం తీసింది. ఈసారి చెప్పడానికి అంతా నిజమే ఉంది. ఎట్లా జరిగిందని అడిగే మనిషే లేదు.