తోలు కాగేదాకా

పెన్‌డ్రైవ్ అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కళ్యాణికి జరిగింది వింటే మీకూ మండుతుంది.

కళ్యాణి మా టీంలో టెస్టర్. రాయదుర్గంలో మా ఆఫీసు గేటు దగ్గర కార్లకు అడ్డుకర్ర ఎత్తి దించే సెక్యూరిటీ గార్డు రాజయ్య ఆమె తండ్రి. రోజూ పొద్దున కూతురి మెడలోని కార్డు కూడా చూసే లోపలికి పంపుతాడు. "డ్యూటీ అంటే డ్యూటీ బిడ్డా" అంటాడు. ఈ యూనిఫాం వేసుకోకముందు ఆయన జనగామ వైపు ఊళ్లలో డప్పు కొట్టేవాడు. పెళ్లయినా చావయినా ఆయన లేనిదే జరిగేది కాదు. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇంటికి వచ్చాక డప్పు మంచం కిందికి చేరింది. దాన్ని తట్టిన మొదటి రోజే పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదారు. గృహప్రవేశానికి అర్ధరాత్రి దాకా డీజే పెట్టిన మహానుభావులు వాళ్లే.

కళ్యాణి సెకండ్‌హ్యాండ్ సింథసైజర్ ఒకటి కొనుక్కుంది. బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం. వరసగా మీటలు, పైన తిప్పే బటన్లు. రాజయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తోలేది?" అని నవ్వాడు. ఆ నవ్వే ఆమెను ఆ యంత్రం ముందు పట్టి కూర్చోబెట్టింది.

డప్పు కొట్టే ముందు గడ్డిమంట మీద కాస్తారు. చల్లగా ఉన్న తోలు సోమరిగా ధబ్బుమంటుంది. కాగేకొద్దీ బిగుసుకుని గణగణలాడుతుంది. కళ్యాణి డప్పును రికార్డు చేసి యంత్రంలో పెట్టలేదు. యంత్రంలో పుట్టే వట్టి హోరును పట్టుకుని, కోసి, మలిచి, ఆ తోలును తయారుచేసింది. మీటను నొక్కిపట్టి వేలి బలం పెంచితే తోలు బిగుస్తుంది, సడలిస్తే చల్లారుతుంది. ఒక బటన్ పక్కన స్టిక్కర్ అంటించి 'మంట' అని రాసుకుంది.

క్యాంటీన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టి నాకు వినిపించింది. "మీ నాయనకు ఇనిపిచ్చినావా?" అని అడిగాను.

"హెడ్‌ఫోన్ల ఇనేది కాదది. బయట, పెద్ద స్పీకర్ల, నాయిన నిలవడి ఇనాలె. ఇగ దానికి తోలేదని మల్ల అడగొద్దు."

అందుకే వార్షికోత్సవంలో పేరు ఇచ్చింది. వేదిక ఆఫీసు ముందున్న లాన్‌లో, గేటు ఆ చివరనే. ఏర్పాట్లన్నీ మా హెచ్‌ఆర్ ప్రవీణ్‌వి. రిహార్సల్లో కాసేపు విని, "కొంచెం హ్యాపీగా ఉండేది వాయించండి కళ్యాణి గారూ, ఇది చావు మేళంలా ఉందండి" అన్నాడు. నాకు నోరు ఆగలేదు. "అదేం మాటప్పా?" అన్నాను. ఊరికే జోక్ చేశానన్నాడు. అలాంటి జోకులు వీళ్లకు ఎక్కడ నేర్పుతారో!

ఆ సాయంత్రం కళ్యాణి చల్లని తోలుతో మొదలుపెట్టింది. ధబ్బు, ధబ్బు. లాన్ దాటని మంద్రమైన చప్పుడు. అది కాగే లోపలే ప్రవీణ్ యంత్రం పాడయిందనుకున్నాడు. సౌండ్ వాళ్లకు సైగ చేశాడు. ఆమె చప్పుడు తెగిపోయి, పెన్‌డ్రైవ్‌లోంచి రెడీమేడ్ దరువు ఊడిపడింది. జనం ఈలలు వేశారు. ప్రవీణ్ పక్కన నిలబడి, వేళ్లు ఆడించు, వేళ్లు ఆడించు అని అభినయించి చూపిస్తున్నాడు.

కళ్యాణి మీటల మీంచి రెండు చేతులూ తీసేసి, చేతులు కట్టుకుని నిలబడింది. దరువు మాత్రం సాగుతూనే ఉంది. అదీ ఒక తమాషా అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఆమె యంత్రాన్ని చంకన పెట్టుకుని తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. రాజయ్య ముఖం వెలిగిపోతోంది.

"మస్తు కొట్టినవ్ బిడ్డా! గేటు దాకా దద్దరిల్లింది. గిన్నొద్దులు నేనే తెల్వక నవ్విన."

అంతకంటే చెంపదెబ్బ నయం. కళ్యాణి తల అడ్డంగా ఊపింది.

"అది నేను కొట్టలే నాయినా. పెన్‌డ్రైవ్. నాది బంద్ జేసిండ్రు."

రాజయ్య ఆమెనూ వేదికనూ మార్చి మార్చి చూశాడు. "మరి నీదేది?"

కళ్యాణి ఆయన కుర్చీ మీదే యంత్రాన్ని పెట్టి, సంచిలోంచి చిన్న స్పీకర్ తీసి తగిలించింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ధబ్బు. రాజయ్య తల చటుక్కున ఎత్తాడు. ధబ్బు. ఆయన కుడిచేయి, చేతిలో పుల్ల ఉన్నట్టే కదిలింది.

ఇంతలో కార్లు బయటికి రాసాగాయి. ముందున్నది ప్రవీణ్ కారు. సగం లేచిన అడ్డుకర్రను రాజయ్య కిందికి దించేశాడు.

ప్రవీణ్ అద్దం దించాడు. "రాజయ్యా, ఏంటిది? కర్ర ఎత్తు!"

"జర ఆగుండ్రి సారు" అన్నాడు రాజయ్య, కూతురి చేతుల మీంచి చూపు తిప్పకుండా. "తోలు ఇంకా కాగలే."

వెనక హారన్లు మొదలయ్యాయి. కళ్యాణి మంట పెంచింది.