మెడా పాదాలూ మాత్రమే

గ్రీసులోని మా తీనోస్ ద్వీపంలో స్తంభానికి మనిషి అవయవాల పేర్లే ఉన్నాయి. పైన తల, తల కింద మెడ, నడిమిన కాస్త ఉబ్బెత్తుగా ఉండేది పొట్ట, అడుగున పాదం. పాలరాతి పనివాళ్లు ఏ స్తంభాన్నయినా "వీడు" అనే అంటారు. "వీడికి పొట్ట ఎక్కువైంది, తిండి తగ్గించు" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. మరూసో కూడా ఆ మాటల మధ్యే పెరిగింది.

ఆమె తండ్రి నజోస్ మేస్త్రికి మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురి చేతికే ఉలి ఇచ్చాడు. మొదట్లో నవ్వినవాళ్లు, స్తంభానికి ఆమె నిలువునా తీసిన గాడుల్ని వేలితో తడిమి చూసి నవ్వడం మానేశారు.

కొండ మీది చిన్న గుడికి స్తంభం నిలబెడుతుండగా తాడు తెగింది. రాయి నడుం మీద పడి నజోస్ అక్కడికక్కడే పోయాడు. పని పట్టిన కంట్రాక్టరు స్తమాతిస్ ఆ సాయంత్రం కాఫీ కొట్లో కూర్చుని, నలుగురూ వినేలా చెప్పాడు.

"పొద్దున్నే రాకీ సారా పట్టించి వచ్చాడు. జరగమని గొంతు చించుకున్నాను. తూలుతున్నవాడికి ఏం వినబడుతుంది?"

పనిరోజున నజోస్ సారా వాసన కూడా చూడడని అక్కడున్న అందరికీ తెలుసు. తాడు పాతదనీ, ముడులు వేసి వాడుతున్నదనీ కొందరికి తెలుసు. కానీ ఊళ్లో పని ఇచ్చేవాడు స్తమాతిస్ ఒక్కడే. అందరూ తమ తమ కప్పుల్లోకి చూసుకున్నారు. అప్పటినుంచి మరూసో తాగుబోతు కూతురైంది.

ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఊరు విడిచిపోలేదు, పెళ్లి చేసుకోలేదు. తండ్రి ఉలులకు పదును పెట్టుకుంటూ, ఎవరు పిలిస్తే వాళ్లకు పని చేసి పెడుతూ కాచుకుని ఉంది.

కొన్నేళ్లకు స్తమాతిస్ రేవు దారిలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. గుమ్మానికి అటూ ఇటూ రెండు స్తంభాలు కావాలనుకున్నాడు. ఆ పని మరూసోకే ఇచ్చాడు. ఎంత పెద్ద మనసో చూడమని ఊరికి చెప్పుకోవడానికి అంతకన్నా మంచి దారి అతనికి దొరకలేదు.

ఆమె సరేనంది.

మా దగ్గర స్తంభాన్ని నున్నగా చెక్కి, మెడ దగ్గర జానెడు, పాదం దగ్గర జానెడు మాత్రమే గాడులు తీసి పైకెత్తుతారు. ముందే ఒళ్లంతా తీస్తే ఎత్తేటప్పుడు అంచులు రాలిపోతాయి. మిగిలిన పని నిలబెట్టాకే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒకరు గాడి మొదలుపెట్టిన స్తంభాన్ని ఇంకొకరు ముట్టుకోరు. ఇది స్తమాతిస్‌కు తెలియని సంగతి కాదు. దాన్ని తన మీదికే ఆయుధంలా ఎత్తేవాళ్లు ఉంటారని అతనికి తోచలేదు, అంతే.

స్తంభాలు నిలబడ్డాయి. మరూసో పనిముట్లు సంచిలో సర్దుకుంది.

"ఇంకా ఒళ్లు చెక్కాలిగా, అమ్మాయ్?" అన్నాడు స్తమాతిస్.

"చెక్కాలి, బాబాయ్. మా నాన్న తాగాడని ఆ సాయంత్రం నువ్వు ఏ కుర్చీలో కూర్చుని అన్నావో అదే కుర్చీలో కూర్చుని, తాడు పాతదని చెప్పు. మర్నాడు పొద్దున్నే వస్తాను."

"చచ్చినవాడి కోసం బతికున్నవాడి పరువు తీస్తావా?"

"చచ్చినవాడి పరువు తీసింది బతికున్నవాడేగా."

ఒకసారి రాత్రి అతను ఆమె ఇంటి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి, "పాతదే, ఒప్పుకుంటున్నాను, సరేనా?" అన్నాడు. "నాకు తెలిసిన సంగతి నాకెందుకు చెబుతావు?" అని ఆమె తలుపు వేసుకుంది.

ఊళ్లో ఏ పనివాడూ ఉలి ఎత్తలేదు. ఒకప్పుడు కప్పుల్లోకి చూసుకుని ఊరుకున్నవాళ్లే ఇప్పుడు "మరూసో చెయ్యి పడ్డదాన్ని మేమెలా ముట్టుకుంటాం, బాబాయ్?" అంటూ అమాయకంగా మొహం పెట్టారు. స్తమాతిస్ ఏథెన్సు నుంచి లినార్దోస్ అనే పనివాణ్ణి రప్పించాడు. అతను మెడ దగ్గరి గాడుల్ని చేత్తో తడిమి, ఇవి ఎవరివని అడిగాడు. మరూసో ఇంటికి వెళ్లి కాఫీ తాగి, మధ్యాహ్నం పడవకే తిరుగుముఖం పట్టాడు.

ఆ గుమ్మంలోనే స్తమాతిస్ కూతురి పెళ్లయింది. చుట్టాలు లోపలికి వెళుతూ స్తంభాల్ని చూపించి, "వీళ్లిద్దరూ ఇంకా దుప్పట్లు కప్పుకునే ఉన్నారేం? చలేస్తోందా?" అని నవ్వారు. స్తమాతిస్ ఇంటి వెనక తలుపు గుండా రావడం పోవడం అలవాటు చేసుకున్నాడు. కాఫీ కొట్టుకు మాత్రం రోజూ వెళ్లాడు, అదే కుర్చీలో కూర్చున్నాడు, ఆ ఒక్క మాటా చెప్పలేదు. చివరికి శవపేటికలో ముందు గుమ్మం గుండానే, ఆ రెండు స్తంభాల మధ్య నుంచే బయటికొచ్చాడు. మరూసో దారి పక్కన నిలబడి చూసింది. శిలువ గుర్తు వేసుకోలేదు.

నలభై రోజుల ప్రార్థన అయ్యాక స్తమాతిస్ భార్య అన్నెజో నల్లబట్టల్లో కాఫీ కొట్టుకు వచ్చింది. ఆడవాళ్లు అడుగుపెట్టే చోటు కాదది. ఆమె నేరుగా లోపలికి నడిచి మొగుడి కుర్చీ వీపు పట్టుకుంది.

"నజోస్ తాగలేదు. తాడు పాతది. మార్చమని అతను ముందురోజు మా ఇంటికొచ్చి అడిగాడు. రేపటికి ఆగుతుందిలే అన్నాడు మా ఆయన. నేను అక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాను."



మర్నాడు పొద్దున్నే మరూసో సంచితో వచ్చింది. కుడివైపు స్తంభానికి నిచ్చెన వేసుకుని, మెడ నుంచి పాదం దాకా గాడులు దించింది. పని చాలా రోజులు సాగింది. అన్నెజో రోజూ కాఫీ తెచ్చి మెట్టు మీద పెట్టేది, మరూసో తాగేది. అంతటి చక్కని స్తంభం ఈ ద్వీపంలో ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటారు. అది పూర్తవగానే ఆమె నిచ్చెన దించేసింది.

"రెండోదో?"

"ఇది నువ్వు చెప్పినందుకు, పిన్నీ. అది ఆయన చెప్పనందుకు."

"చెప్పడానికి ఆయన లేడుగా."

"లేడు. అందుకే అది అలాగే ఉంటుంది."

మరూసో పోయి నాలుగేళ్లయింది. స్తమాతిస్ మనవళ్లు ఆ ఇంటిని అమ్మకానికి పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు లోపలికి వెళ్లకముందే ఎడమవైపు స్తంభం ఇలా ఎందుకుందని అడుగుతారు. దారిన పోయే మావాళ్లు ఎవరో ఒకరు ఆగి చెబుతారు. తాడు సంగతితో సహా.