దొంగ నేనే అన్న సారు

మా నాలుగో తరగతి సారు చనిపోయిండు. ఆయన ఫోటోకు దండేసి, ఆ ఫోటో కిందనే నాలుగో తరగతి చదివే ఒక పిల్ల బ్యాగును నేల మీద బోర్లించి వెతికిండు మా బడి ఇప్పటి పెద్దసారు. ఈ రెండు సంగతులు వేరువేరుగ చెప్పాలని చూసిన. నా వల్ల అయితలేదు.

ఆదివారం సూర్యాపేట దవాఖానలో సారు గుండె ఆగింది. మంగళవారం మిర్యాలగూడలో, ఆయన ఏండ్లకేండ్లు పాఠం చెప్పిన మిల్లుల బస్తీ ప్రాథమిక బడిలో సంతాప సభ పెట్టిండ్రు. రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నరు. అందరం కండ్లు మూసుకున్నం. కండ్లు తెరిచేసరికి బల్ల మీదున్న పెద్దసారు సెల్‌ఫోన్ లేదు. బల్లకు దగ్గర నిలబడ్డది ఆ పిల్ల. హమాలి బిడ్డ. ఇంకేం కావాలె ఆయనకు? బ్యాగుల పుస్తకాలు, పెన్సిల్ డబ్బా, సగం కొరికిన జామకాయ దొరికినయి. ఫోన్ దొరకలే. అయినా సరే, ఫోన్ తెచ్చిచ్చినంకనే బడికి రమ్మని పిల్లను పంపించిండు.

ఆ పిల్ల పేరు రాయను. ఇప్పటికే చానామంది నోళ్లల్ల నానుతున్నది.

ఇది వేరే ఏ బడిలో జరిగినా నాకు కోపం వచ్చేది. ఈ బడిలో జరిగినందుకు తల గోడకు కొట్టుకోవాలనిపిస్తున్నది. ఎందుకో, సారును ఎరగనోళ్ల కోసం చెప్త.

రెండువేల మూడులో ఆయన మా బడికి వచ్చిండు. కోదాడ దిక్కు మనిషి. మనం ఏంది అంటే ఆయన ఏంటి అనేది, వెనకనుంచి మేం ఎక్కిరిచ్చేది. మిర్యాలగూడల బట్టలు ఆరేస్తే వాటి మీద మిల్లుల ఊక బూడిద పడుతది, అందరం తిట్టుకుంటం. సారు మాత్రం ఆ బూడిదను పాత పంచెగుడ్డలో జల్లెడ పట్టి, పౌడర్ డబ్బాలో పోసుకొచ్చేది. స్టీలు గ్లాసు మీద కుంచెతో మెల్లగ అద్దితే వేలిగీతలు తేలేవి. టేపుతో ఎత్తి తెల్లకాయితం మీద అంటించి, నేరం జరిగిన చోట పోలీసుల ల్యాబోళ్లు చేసేది ఇదేనని చెప్పేది. గడప ముందట తవుడు పరిచి ఎవరి పాదం ఎట్ల పడ్డదో కొలిపించేది. నల్ల స్కెచ్‌పెన్ను గీత గీసిన చాక్‌పీసును నీళ్లల్ల నిలబెడితే నలుపులోంచి నీలం, ఎరుపు విడిపోయి పైకి పాకేవి. ఆటల దొరికిన బెదిరింపు చీటీ ఏ పెన్నుతో రాసిండ్రో గట్ల పట్టుకున్నం మేం, తొమ్మిదేండ్ల పోరగాండ్లం.

వేలిముద్రలు తీసుకున్న రోజు నల్లటి బొటనవేళ్లతో ఇంటికి పోతే బస్తీ భగ్గుమన్నది. మా అమ్మ అప్పుడప్పుడే రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నది. నా చెంప పగలగొట్టి, సంతకం నేర్వమని పంపితే నిశాని నేర్పుతున్నడా మీ సారు అన్నది. తెల్లకాయితం మీద బొటనవేలి నిశాని పెట్టి భూములు పోగొట్టుకున్న ఇండ్లు మా బస్తీల ఉన్నయి. తెల్లారి ఆడోళ్లంతా బడి మీదికి పోయిండ్రు. ఆయన వాదన పెట్టుకోలే. భూతద్దం మా అమ్మ చేతికిచ్చి, ఆమె వేలు ఆమెనే చూసుకోమన్నడు. అమ్మ చానాసేపు చూసింది. పక్కామె గుంజుకునేదాక అద్దం ఇడవలే.

ఇట్ల ఆయన్ను పొగుడుకుంట పోతే ఆయనకే నచ్చదు. ఆయన చేసిన తప్పు కూడా చెప్పాలె, అసలు కథ ఆడనే ఉన్నది.

మాతోని ఆడించిన మొదటి కేసు, బడి గంట కొట్టే ఇనుప కడ్డీ పోవుడు. నాటకం నడవాలంటే దొంగ కావాలె గద. సారు ఎవరికీ తెల్వకుండ యాదగిరిని దొంగగ పెట్టిండు. మేం తవుడులో పాదం కొలిచి, గ్లాసు మీద వేలు పోల్చి, రెండు రోజుల్ల పట్టేసినం. క్లాసంతా చప్పట్లు, యాదగిరి కూడా నవ్వుకుంట కొట్టిండు. సాయంత్రానికి బస్తీల వాడు దొంగ యాదగిరి అయ్యిండు. వారంలోపల ఎవరిదో సత్తు గిన్నె పోతే సీదా యాదగిరి ఇంటికే పోయి అడిగిండ్రు.

సారుకు తెలిసి బోరింగు కాడికి వచ్చిండు. అది ఆట అని, పిల్లోడికి తనే చెప్పి చేయించిన్నని నీళ్లు పట్టేటోళ్లందరికీ చెప్పుకుంట నిలబడ్డడు. యాదగిరి నాయనమ్మ బిందె కింద పెట్టి అడిగింది. "ఆటనే అయితే మా పోరడే ఎందుకు దొరికిండు సారూ? సేటు కొడుకును సెయ్యకపోయినవా?"

సారు వచ్చిన దారినే పోయిండు. మరునాడు బోర్డు మీద ఏమీ రాయకుండ, కుర్చీలో కూసోకుండ మాతోని అన్నడు. "తప్పు నాదిరా. ఈ రోజు నుంచి ఈ బడిలో దొంగ నేనే."

మాట అంటే మాటే. అప్పటినుంచి ఏ కేసులనైనా దొంగ ఆయనే. మాకు ముందే తెలుసు. డస్టర్ పోయిందా, సారే తీసిండు. మధ్యాహ్నం గుడ్లల్ల ఒకటి తక్కువైందా, సారే తిన్నడు. అయితే మాత్రం ఏం లాభం? "నేనేనని ఎలా తెలుసు? ఎవరు చూశారు?" అంటడు. చూసింది ముందు చెప్పాలె, అనుకున్నది తర్వాత చెప్పాలె. ఎదురుంగ గుడ్డు పెంకు వేలికి అంటుకొని ఉన్నా మాతోని నిరూపణ చేయించేది. ఒకసారి చేయలేకపోయినం. నేను దొంగను కానన్నట్టే గద అని, చెయ్యి కడుక్కొని సైకిలెక్కి పోయిండు. మేం గేటు కాడ నిలబడి పండ్లు పటపట కొరుక్కున్నం. దొంగను ఎరిగి కూడా పట్టుకోలేకపోవుడు ఎంత మంటో ఆ వయసుల్నే తెలిసింది. ఆ రోజు తెల్వదు అని రాసిన ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం పదికి పది వేసిండు. మా అందరికీ సున్న.

పెద్దగైనంక కూడా నాకు ఆయనతోని పడలే. బదిలీ మీద సూర్యాపేట పోయిండు, అక్కడనే రిటైరయ్యిండు. నేను బస్సెక్కి పోయేది. కరపత్రాలు చదివి చదివి నా నోట్ల నిప్పులుండె. మిల్లులల్ల తూకం మోసం మీద నేను రాసిన కాయితం ఆయనకు ఇచ్చిన. చదివి, ఎవరు తూచారు, నువ్వున్నావా అక్కడ అని అడిగిండు. ఊరంతా ఎరిగిన మాటకు ఇంకా సాక్ష్యమేంది సారూ అంటే, "కోపం సాక్ష్యం కాదయ్యా" అని టీ పొయ్యమన్నడు వాళ్లింటామెను. ఆ టీ తాగకుండ వచ్చిన. నా మాట నిజమేనని ఇప్పటికీ నేనంట. గట్ల అడుగుకుంట కూసుంటే రైతు గతి ఏం కావాలె?

గదీ మనిషి. అసొంటి మనిషి ఫోటో కింద బ్యాగు బోర్లించిండ్రు. కొత్త రాష్ట్రం వచ్చిందని మొన్ననే అదే బడి మీద జెండా ఎగరేసినం. పిల్లను పంపించినంక నేను పెద్దసారును అడిగిన, ఎవరు చూసిండ్రు సార్ అని. ఆయన నన్ను పైకి కిందికి చూసి, "ఆ పిల్లను సూస్తే తెలుస్తలేదా?" అన్నడు. పక్కన కూసున్న పెద్దమనుషులు తలూపిండ్రు. వాళ్లల్ల ఇద్దరు సారును తలుసుకొని కండ్లు తుడుచుకున్నోళ్లే.

ఇంటికొచ్చి కరపత్రం రాయబోయిన. ఆ పిల్ల ఏ పాపం ఎరగదు అని మొదటి మాట రాసేసరికి కలం ఆగిపోయింది. నేను చూసిందేంది? ఏమీ లేదు. కండ్లు మూసుకొని ఉన్న. ఆ పిల్ల తియ్యలేదని రాసేతందుకు నా దగ్గర కూడా ఆధారం లేదు. సచ్చి కూడా నన్ను ఒక్క వాక్యం సక్కగ రాయనిస్తలేడు ఈయన.

కొట్టేసి మళ్ల రాసిన. ఆ రెండు నిమిషాలు ఆ బడిలో ఎవరూ చూడలే. పెద్దసారు చూడలే, నేను చూడలే, పెద్దమనుషులు చూడలే. ఫోన్ ఏమయ్యిందో తెల్వదు. తెల్వనిదానికి తొమ్మిదేండ్ల పిల్లను బడి బయట నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంతే నా కరపత్రం. నేను రాసినవాటిల్ల ఇంత చిన్నది ఇంకోటి లేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిది గంటలకు, ప్రార్థన మొదలు కాకముందు, బడి గేటు కాడికి రండి. సారు దగ్గర చదివినోళ్లు కోదాడ నుంచి, సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కితే అందుకుంటరు. యాదగిరి లారీ ఆపుకొని వస్తనన్నడు. నినాదాలు వద్దు, బూతులు అసలే వద్దు, ఈ మాట ముందు నాకు నేను చెప్పుకుంటున్న. ఎవరు చూసిండ్రు అని ఒక్కటే అడుగుదాం. జవాబు లేకుంటే పిల్ల క్లాసులోకి పోతది.

తల్లి మిల్లుకు పోయేటప్పుడు వద్దన్నా ఇనకుండ ఆ పిల్ల రోజూ యూనిఫారం వేసుకుంటున్నది. రెండు జడలకు రిబ్బన్లు కట్టుకొని, గడప మీద కూసొని, బడికి పోయే పిల్లలను చూస్తున్నది. వాళ్లు పోయినంక కూడా లేస్తలేదు. మనం తొమ్మిదికి గేటు కాడ ఉండాలంటే, అంతకుముందే ఆ పిల్లను ఎంట తీసుకపోయేతందుకు ఆమె ఇంటి ముందట ఉండాలె. ఎనిమిదిన్నరకు రండి.