నర్సరీలో గుసగుసలు

మొన్న చెదలు పట్టాయేమోనన్న అనుమానంతో డైరీలన్నీ అటక మీంచి దించాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం, చెదలు లేవు. ఇరవై ఏళ్ల కిందటి డైరీలో మాత్రం ఒక పేజీ ఖాళీగా కనిపించింది. మంచం పట్టిన రోజు కూడా ‘జ్వరం’ అని రాసుకున్నవాణ్ణి నేను. ఈ పేజీలో సిరా చుక్క లేదు.

అప్పుడు నేను సారపాక దగ్గర ఒక జామాయిల్ నర్సరీలో సూపర్‌వైజర్ని. సంచుల్లో మట్టి నింపడం, మొక్కల ట్రేలు మోయడం అంతా ఆడవాళ్ల పని. సగం మంది కోయగూడేల వాళ్లు, సగం మంది బస్తీ వాళ్లు. మేస్త్రి మాత్రం ఎప్పుడూ మగవాడే. ఆ ఏడు నన్ను కొత్తగూడెంలో మూడు రోజుల శిక్షణకు పంపారు, అందరినీ కలుపుకుపోయే నాయకత్వం మీద. తిరిగొచ్చేసరికి ఒక కోయ ఆమెను నెల రోజుల పరీక్ష మీద మేస్త్రిని చేశారు. ఉంచాలో తీసేయాలో నెలాఖరుకు నేను రిపోర్టు రాయాలి. పాత మేస్త్రిని నీళ్ల మోటారు దగ్గరికి మార్చారు.

ఆమె రోజూ పని మొదలయ్యే ముందు అందరినీ మొక్కల నీడకు కట్టిన ఆకుపచ్చ వల వెనక్కి తీసుకుపోయేది. గుసగుసలు. మధ్యలో ఒక తల బయటికొచ్చి, నన్ను చూసి, లోపలికి పోయేది. ‘మళ్లీ గుసగుసలు. పది నిమిషాలు. నా వైపు చూశారు’ అని అక్కడికక్కడే డైరీలో రాసుకునేవాణ్ణి. పాత మేస్త్రి మోటారు కట్టేసి వచ్చి, “సార్, మీ మీదనే జట్టు కడుతున్నరు. నాకెందుకు గని, జర చూసుకోండ్రి” అని చెవిలో ఊదేవాడు. మొక్కలు మాయమవుతున్నాయేమోనని వరుసలు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. అదీ అనుమానంగానే అనిపించింది.

నెలాఖరున, శిక్షణలో చెప్పినట్టు, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒడిలో డైరీ తెరిచి, కష్టసుఖాలు చెప్పమన్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. మోటారు దగ్గర పాత మేస్త్రి నవ్వుతున్నాడు. ఇక ఈమె పని అయిపోయిందనుకున్నాను. ఆమే లేచింది.

“సారూ, గా బుక్కు లోపల పెట్టి రాండ్రి. అప్పుడు మాట్లాడుతరు.”

“బుక్కు ఏం చేసింది?”

“మా గూడెంల పేర్లు రాసుకపోయిన ఫారెస్టోళ్లు మల్ల కేసులతోనే వచ్చిండ్రు. మీరేం రాస్తరో మాకేం ఎరుక?”

డైరీని సొరుగులో పెట్టాను. తాళం వేసేదాకా ఆమె చూస్తూనే ఉంది. అప్పుడు బస్తీ నుంచి వచ్చే ఒకామె తనకు నాలుగో నెలని చెప్పింది. గూడెం నుంచి వచ్చే ఇంకొకామె నడుము నొప్పి అంది. అలాంటి వాళ్లను మట్టి సంచుల దగ్గర కూర్చోబెట్టి, వాళ్ల ట్రేలు తక్కినవాళ్లు పంచుకునేవారట. రోజూ వల వెనక జరిగే మంతనాలు అవే. నాకు తెలిస్తే రాసుకుంటానని, రాసుకుంటే పనిలోంచి తీసేస్తారని దాచారు.

“మరి నన్నెందుకు తొంగి చూసేవాళ్లు?”

“మీరు రాస్తున్నరేమో అని సారూ!”

గూడెం వాళ్లూ బస్తీ వాళ్లూ ఒక్కసారే నవ్వారు. మూడు రోజులు కూర్చుని నేను విని వచ్చినదాన్ని ఆమె నెలంతా చేస్తోంది. నేను దానికి కుట్ర అని పేరు పెట్టాను.

ఆమెనే కొనసాగించాలని రెండు వాక్యాల రిపోర్టు పంపాను. ఆ రోజు ఇక డైరీ తెరవలేదు. మర్నాడు ఆమె నా టేబుల్ దగ్గరికొచ్చింది. అయిదో తరగతి చదివింది. “నిన్నటిది సూపెట్టుండ్రి” అంది. డైరీ తెరిచి ఇచ్చాను. తేదీ మీద వేలు పెట్టి, కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూసి, “అవ్, ఏం లేదు” అని పనిలోకి పోయింది.

రాసిన రోజుల్లో చాలావాటిని ఇప్పుడు చదివినా గుర్తుపట్టలేకపోతున్నాను. ఆ ఖాళీ పేజీలో మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఆమె వేలు పెట్టిన చోటు నాకు కనిపిస్తుంది.