ఆ గుడిసెలో మూడు రాళ్లు నేనే పెట్టాను

మ్యూజియంలో పనిచేసేవాడికి దెయ్యాల భయం ఉంటే పూట గడవదు. అక్కడున్న ప్రతి వస్తువూ చచ్చిపోయినవాళ్లదే కదా. నేను కొన్నేళ్లపాటు అలాంటి చోట కాంట్రాక్టు మీద గైడుగా పనిచేశాను. తాళం వేసే ముందు చీకటి గదుల్లో ఒక్కడినే తిరిగి లైట్లు ఆర్పేవాడిని. నాకు ఎలుకలు, గబ్బిలాలు తప్ప ఏమీ కనిపించలేదు. దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి వస్తోంది, నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మాది కుసుమంచి దగ్గర ఊరు. చరిత్రలో ఎం.ఏ. చేశాను. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్లే దారిలో ఒక చిన్న మ్యూజియం పెడితే అందులో పని దొరికింది. ఈ ప్రాంతం కథంతా అందులోని వస్తువులతోనే చెప్పాలి. రాతి గొడ్డళ్లు, గోదావరిలో చేపలు పట్టే వెదురు బుట్టలు, ఆడవాళ్ల ఇత్తడి కడియాలు, కొమ్ములు కట్టిన తలపాగాలు, పెద్ద డోళ్లు. ఒక్కో వస్తువు ముందు నిలబడి ఇది ఎవరు వాడారు, ఎందుకు వాడారు అని చెబుతుంటే నాకే కడుపు నిండేది. పర్ణశాల యాత్రకు వచ్చినవాళ్లలో సగం మంది మాత్రం బాత్రూం ఎటు అని అడిగి వెళ్లిపోయేవారు. మిగతా సగం కోసమే నేను గొంతు చించుకునేవాడిని.

ఆ మ్యూజియం వెనక ఖాళీ స్థలంలో నిజమైన కోయ గుడిసె ఒకటి కట్టించాలని అనుకున్నారు. బొమ్మ గుడిసె కాదు, మనుషులు కట్టుకునేలాంటిదే. ఆ పనికి వాగు అవతలి ఊరి నుంచి ముత్తక్క అనే ఆవిడ తన వాళ్లను తీసుకుని వచ్చింది. వరదల్లో వాళ్ల పాత ఇల్లు కొట్టుకుపోయింది. ఇప్పుడు వాళ్లది స్లాబు ఇల్లు. గుడిసె కట్టడం వాళ్లకు పని అయినా, పుట్టింటికి వచ్చినంత సంబరంగా కట్టారు. తడికల మీద మట్టి మెత్తారు, గడ్డితో కప్పు వేశారు, నేల అలికారు. అంతా అయ్యాక చూస్తే పొయ్యి లేదు.

అడిగితే ముత్తక్క తల అడ్డంగా ఊపింది. "పొయ్యి వద్దు సారూ. పొయ్యి పెడితే ఇల్లయితది. ఇల్లయినంక అండ్ల మనుషులుండాలె. ఉత్తగ ఉంచొద్దు."

సరేనని తలూపాను. కానీ ప్రారంభోత్సవానికి ముందు రోజు చూస్తే ఆ గుడిసె బోసిగా ఉంది. పొయ్యి లేని ఇల్లు చూసి జనం ఏం నేర్చుకుంటారు? గోదావరి ఒడ్డు నుంచి మూడు రాళ్లు ఏరుకొచ్చి నేనే పెట్టాను. మీద ఒక మట్టి కుండ, కింద నాలుగు పుల్లలు. వాడినట్టు కనబడాలని రాళ్లకు బొగ్గు కూడా రుద్దాను. అందరూ మెచ్చుకున్నారు. నేను కాలరెగరేశాను.

కొన్నాళ్లకు విజయవాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం బయటికి వెళుతూ నాతో, గుడిసెలో పెద్దావిడను కూర్చోబెట్టి వంట చేయించడం చాలా బాగుందని చెప్పింది. మా ఊడ్చే ఆవిడను చూసి అలా అనుకున్నారేమోనని ఊరుకున్నాను. తర్వాత కాలేజీ పిల్లలు వచ్చారు. ఆ ముసలమ్మకు జీతం ఎంత ఇస్తారని అడిగారు. ఇంకోసారి ఒక రిటైర్డ్ మాస్టారు నా మీద కేకలేశారు. పాత వస్తువులున్న చోట పొగ పెట్టకూడదని ఆ మాత్రం తెలియదా అన్నారు.

నేను వెంటనే వెళ్లి చూశాను. గుడిసెలో ఎవరూ లేరు. పుల్లలు నేను పేర్చినట్టే ఉన్నాయి. పొయ్యిలో చిటికెడు బూడిద లేదు. కుండలో దుమ్ము.

ఒకరు చెబితే కొట్టిపారేయొచ్చు. వాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు, వేర్వేరు రోజుల్లో వచ్చారు. అందరూ చెప్పింది మాత్రం ఒకటే. తెల్ల జుట్టు, మోకాళ్ల పైకి కట్టిన ఎర్ర నూలు చీర, రెండు చేతులకూ పచ్చబొట్లు. కుండలో ఏదో కలుపుతూ ఉంటుంది. ఎంత పలకరించినా తలెత్తదు. మా సిబ్బందిలో ఒక్కరికీ కనబడలేదు. నేను పట్టపగలు వెళ్లి గంటలు గంటలు అక్కడ కూర్చున్నాను. నాకూ కనబడలేదు. అప్పటి నుంచి పొద్దుగూకాక ఆ వైపు ఒంటరిగా వెళ్లడం మానేశాను.

ముత్తక్క సంతకు వచ్చినప్పుడు ఆపి అడిగాను. పొయ్యి పెట్టినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చీర రంగు, పచ్చబొట్లు అన్నీ రెండేసి సార్లు చెప్పించుకుని అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. వాళ్ల అమ్మ వరద శిబిరంలో పోయిందట. పోయేదాకా ఇంటికి తీసుకుపొమ్మని అడుగుతూనే ఉందట. అప్పటికి ఇల్లెక్కడిది?

ఆ తర్వాత ముత్తక్క ప్రతి సంతకూ గుడిసె ముందుకు వచ్చి కూర్చునేది. వాళ్ల భాషలో ఏదో మాట్లాడేది. సాయంత్రం దాకా ఉండి లేచి వెళ్లేది. ఆమెకు ఒక్కసారి కూడా ఏమీ కనబడలేదు. "ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లకు కనబడ్తది. నాకెందుకు కనబడదు సారూ?" అని అడిగేది. ఆమెను చూశాక ఆ రాళ్లు తీసేయడానికి నాకు మనసొప్పలేదు.

దసరా సెలవుల్లో ఒకరోజు మా ఆవిడ పని మీద వెళ్లింది, మా పాపను ఇంట్లో చూసుకునేవాళ్లు లేక వెంట తీసుకెళ్లాను. అప్పుడు రెండో తరగతి. డోళ్ల గదిలో కూర్చోమని చెప్పి నేను యాత్రికులతో తిరుగుతున్నాను. వచ్చి చూస్తే లేదు. గుడిసెలో దొరికింది. పొయ్యి ముందు చలి కాచుకుంటున్నట్టు రెండు అరచేతులూ చాపి కూర్చుని ఉంది. మూతి చుట్టూ తెల్లగా ఏదో ఆరిపోయి ఉంది.

"అవ్వ జావ పోసింది నాన్నా" అంది.

కుండలో చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకు దుమ్మే అంటింది. పాప మూతి తుడిచాను, జావే. ఆ రాత్రి అన్నం వద్దంది, కడుపు నిండిందట. జ్వరం రాలేదు, కలవరించలేదు, హాయిగా నిద్రపోయింది. నేను, మా ఆవిడ మాత్రం పాపకు చెరో పక్క కూర్చుని తెల్లవార్లూ దాన్నే చూస్తూ ఉన్నాం. అంత భయం నేను ఎన్నడూ ఎరగను.

ఈ సంగతి ముత్తక్క చెవిన ఎలా పడిందో పడింది. మ్యూజియానికి పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఒక్కపాలి పిల్లను తోల్కరా సారూ. నా తోటి మాట్లాడకపోతే మానె. నీ బిడ్డ తోటి మాట్లాడింది గద. నేనొచ్చినని చెప్పిస్త, గంతే."

కాదనే అన్నాను. ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది. చివరికి ఒప్పుకున్నాను. జాలి ఒక్కటే కారణం కాదు, అంతకంటే నా భయమే ఎక్కువ. వచ్చేది నిజంగా ముత్తక్క తల్లే అయితే, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ముసలి ప్రాణమే అయితే, మా పాపకు వచ్చే ప్రమాదం ఏమీ లేదు. ఆ మాట తేలితే నేను నిద్రపోవచ్చు.

మధ్యాహ్నం జనం లేని సమయంలో వెళ్లాం. పాపను గడప దాటనివ్వనని ముందే చెప్పాను. దాని ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల ఖాళీ. పాప మాత్రం పొయ్యి వైపు చూసి నవ్వింది.

"ముత్తక్క వచ్చిందని చెప్పు బిడ్డా" అంది ముత్తక్క.

పాప చెప్పింది. ఫోన్‌లో ఎవరిదో మాట వింటున్నట్టు తల ఊపింది. ఇటు తిరిగి, "ఆ అవ్వకు బిడ్డలే లేరంట" అంది.

"గట్ల కాదు బిడ్డా, మల్ల అడుగు. నీ బిడ్డ ముత్తక్క అని చెప్పు."

పాప మళ్లీ అడిగింది. మళ్లీ విన్నది. ఈసారి నా వైపు చూసింది.

"ఎవ్వరూ లేరంట నాన్నా. నేను చాలంట."

అప్పుడు చూశాను. పాప కుడి చెయ్యి తిన్నగా గుడిసె లోపలికి చాపి ఉంది. చిన్నపిల్లలను పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎలా ఉంటుందో అలా. కాళ్లు కదల్చలేదు గానీ ఒళ్లంతా లోపలికి వాలింది. నా చేతిలో ఉన్న చెయ్యి జారుతోంది. నేను అరిచాను. ముత్తక్క పాప నడుం పట్టుకుంది. ఇద్దరం కలిసి లాగితే గానీ బయటికి రాలేదు. ఏడేళ్ల పిల్ల ఎంత బరువుంటుంది? దాని కుడి మణికట్టు పొయ్యి దగ్గర పెట్టిన గిన్నెలా వేడిగా ఉంది.

పాపను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత నేను పనికి వెళ్లలేదు. ఆ రాళ్లు తీసేయించమని మాత్రం పై అధికారిని ఫోన్‌లో బతిమాలాను, తీయించారు. అప్పటి నుంచి యాత్రికులెవరూ ఆ మాట ఎత్తడం లేదట. మేం ఖమ్మం వచ్చేశాం. పాప బాగానే ఉంది. ఆ సంగతి ఎత్తితే గుర్తులేదంటుంది. నేనూ రెట్టించను.

ముత్తక్క ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పిల్ల ఎట్లున్నదని అడుగుతుంది. చివరికి ఆ మాటకే వస్తుంది. "చిన్న పిల్ల సారూ, దానికేం సమజయితది. గామె మా అవ్వనే."

"అవ్ ముత్తక్కా, మీ అమ్మే" అంటాను. ఇంకేమనగలను?

ఫోన్ పెట్టేశాక మాత్రం కూర్చున్నచోటే ఉండిపోతాను. తల్లే అయితే, కూతురు గుమ్మంలో నిలబడి పిలిస్తే బిడ్డలే లేరని ఎందుకంటుంది? తల్లి కాకపోతే, ఆ రోజు నా బిడ్డ ఎవరి చేతి జావ తాగిందో నాకు ఇప్పటికీ తెలియదు.